గుండెకు దొరికే కొద్దిపాటి గడువు

రెండేళ్ల క్రితం మాట. స్టాఫ్ రూంలో కూర్చున్నప్పుడు, గుండె గురించి చదివిన ఒక వింత విషయం తోటి ఉపాధ్యాయులకు చెప్పాను. కొద్ది నిమిషాలు రక్తం అందక ఇబ్బంది పడిన గుండె, ఆ తరువాత వచ్చే పెద్ద దెబ్బను మెరుగ్గా తట్టుకుంటుందని. అందరూ ఆశ్చర్యపోయారు. మా లెక్కల మాస్టారు మాత్రం ఏమీ అనలేదు. మెట్లెక్కితే ఆయనకు ఛాతీ పట్టేసినట్లు ఉంటోందని, కాసేపు కూర్చుంటే తగ్గుతోందని మాకు తెలియదు. నెల తరువాత ఆసుపత్రి మంచం మీద ఆయన నాతో అన్నారు: "మీరు చెప్పాక ధైర్యంగా ఉన్నాను సార్. నొప్పి వచ్చి పోతుంటే నా గుండె గట్టిపడుతోందనుకున్నాను." స్టెంట్ వేశారు. దేవుని దయవల్ల ఇప్పుడు బాగున్నారు. కానీ సగం పాఠం చెప్పి వదిలేసిన తప్పు నాదే. అందుకే ఈసారి పూర్తిగా రాస్తున్నాను.

1986లో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ మరీ, రాబర్ట్ జెన్నింగ్స్, కీత్ రైమర్ అనే ముగ్గురు పరిశోధకులు కుక్కల గుండెలపై ఒక ప్రయోగం చేశారు. గుండెకు రక్తం తెచ్చే ఒక నాళాన్ని 5 నిమిషాలు మూసి, 5 నిమిషాలు తెరిచారు. ఇలా నాలుగుసార్లు చేశాక, అదే నాళాన్ని ఏకంగా 40 నిమిషాలు మూశారు. ముందుగా ఇబ్బంది పడిన గుండె మరింత పాడవుతుందని మనం అనుకుంటాం. జరిగింది వేరు. మామూలు గుండెల్లో చచ్చిపోయిన కండరంతో పోలిస్తే, వీటిలో చచ్చిపోయింది నాలుగో వంతు మాత్రమే.

దీనికి కారణం కణంలోనే ఉంది. ప్రాణవాయువు తగ్గగానే గుండె కణాల నుంచి అడినోసిన్ వంటి పదార్థాలు వెలువడతాయి. అవి ప్రమాద సూచనలా పనిచేస్తాయి. అప్పుడు కణం శక్తిని పొదుపుగా వాడుకోవడం మొదలుపెడుతుంది. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలు కూడా దెబ్బకు సిద్ధమవుతాయి. మూసుకున్న నాళం తెరుచుకుని రక్తం ఒక్కసారిగా వచ్చినప్పుడు వాటి పొర చిట్లి కణం చచ్చిపోయే ప్రమాదం ఉంది. ఈ సిద్ధపాటు ఆ ప్రమాదాన్ని తగ్గిస్తుంది. మొదటి రక్షణ ఒకటి రెండు గంటలే ఉంటుంది. సుమారు ఒక రోజు తరువాత కొంత బలహీనంగా మళ్లీ వచ్చి, రెండు మూడు రోజులు నిలుస్తుంది.

ఇది నేను చెప్పిన సగం. చెప్పకుండా వదిలేసిన సగం ఇదీ.

అదే ప్రయోగంలో నాళాన్ని 40 నిమిషాలకు బదులు 3 గంటలు మూసి చూశారు. అప్పుడు ముందు ఇచ్చిన తర్ఫీదు వల్ల ప్రయోజనం కనిపించలేదు. అంటే గుండె తనను తాను కాపాడుకోలేదు, కొంత గడువు మాత్రమే సంపాదించుకుంటుంది. ఆ గడువులోగా నాళం తెరుచుకోకపోతే కండరం దక్కదు. మధుమేహం ఉన్నవారిలో ఈ రక్షణ బలహీనపడుతుందని కూడా పరిశోధనలు సూచించాయి.

ఈ గుణాన్ని వైద్యంగా మార్చాలని డాక్టర్లు ఎంతో ప్రయత్నించారు. బీపీ చూసే పట్టీని చేతికి బిగించి, కొన్ని నిమిషాలు రక్తం ఆపి వదిలితే, ఆ రక్షణ దూరాన ఉన్న గుండెకూ అందుతుందని గమనించారు. మొదట్లో చేసిన చిన్న పరీక్షలు ఆశ కలిగించాయి. కానీ 2015లో గుండె ఆపరేషన్ రోగులపై జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో మేలు కనబడలేదు. 2019లో బ్రిటన్, డెన్మార్క్, స్పెయిన్, సెర్బియా దేశాల్లో 5,000 మందికి పైగా గుండెపోటు రోగులపై జరిపిన పరీక్షలోనూ అంతే. కాబట్టి ఇంట్లో చేతికి పట్టీ బిగించుకోవడం, ఊపిరి బిగబట్టడం వంటి ప్రయోగాలు ఎవరూ చేయకూడదు.

వచ్చిపోయే ఛాతీ నొప్పిని గుండెకు వ్యాయామం అనుకోకండి. నాళం సన్నబడిందన్న హెచ్చరిక అది. ఛాతీలో బరువు, చేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి, చల్లని చెమట, కారణం లేని ఆయాసం కనిపిస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోవద్దు. షుగర్ ఉన్నవారికి అసలు నొప్పే తెలియకపోవచ్చు. వెంటనే 108కి ఫోన్ చేయాలి, ఇసిజి తీయించాలి.

దాతలైన మీకు ఒక మనవి. పేద రోగి మందులకు, ఆపరేషన్‌కు మీరిచ్చే సాయం ఎంతో గొప్పది. దానితోపాటు ఇంకొకటి కూడా మన చేతిలో ఉంది. అర్ధరాత్రి నొప్పితో లేచిన పొరుగువాడు "తెల్లారనీ, చూద్దాం" అంటే, ఒప్పుకోకుండా బండి తీయడం. గుండె తన వంతుగా కొన్ని నిమిషాలు కూడబెట్టి ఇస్తుంది. వాటిని వృథా చేయకుండా చూడటం మన వంతు.