హిప్నాసిస్ అందరికీ ఎందుకు పనిచేయదు?

స్టేజ్ మీద హిప్నాటిస్ట్ "నిద్రపో" అనగానే ఒకరు ఒరిగిపోతారు, పక్కనున్నవాళ్లు నవ్వుతూ కూర్చుంటారు. ఒరిగినవాళ్లది బలహీనమైన మనసు అనేస్తాం. అది నిజం కాదు.

1959లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో వైట్జెన్‌హాఫర్, హిల్గార్డ్ దీన్ని కొలవడానికి 12 అంశాల పరీక్ష తయారుచేశారు. అక్కడ చదివిన 50 మందిని 25 ఏళ్ల తర్వాత మళ్లీ పరీక్షిస్తే స్కోర్లు పెద్దగా మారలేదు. కవలల్లో చూస్తే, ఒకేలా ఉండే కవలల స్కోర్లే ఎక్కువ దగ్గరగా వచ్చాయి. అంటే వారసత్వం పాత్ర కొంత ఉందన్నమాట.

మెదడులో డోపమైన్‌ని విడగొట్టే సీఓఎంటీ జీన్ మీద అనుమానం పడింది గానీ, ఒక్కో స్టడీలో ఒక్కో ఫలితం. కోడ్ రాసే నాకు ఇదేం వింతగా లేదు. ఒక్క లైన్‌తో యాప్ నడవదు కదా!

నొప్పి తగ్గించడానికి హిప్నాసిస్ వాడే డాక్టర్లున్నారు. అది మీకు పనిచేయకపోతే మీ తప్పేం లేదు. పనిచేస్తే సిగ్గుపడాల్సిందీ లేదు.