ముక్క తీసేసిన చోట ఏం పెట్టాలి?

దసరాకు శ్రీరాంపూర్ క్వార్టర్లలో మాంసం వాసన రాని గల్లీ ఉండదు. నెల తిరిగి కార్తీకం వచ్చేసరికి అవే గల్లీల్లో నల్ల బట్టలు, మెడలో అయ్యప్ప మాలలు. నలభై ఒక్క రోజులు నీసు బంద్. ఎస్‌ఆర్‌పీ, ఆర్‌కే బొగ్గు బాయిల దగ్గర మొదటి షిఫ్టుకు మస్టరు పడేవాళ్లు ఒకరినొకరు ‘స్వామీ’ అని పిలుచుకుంటారు. మాల తీశాక చాలామంది మళ్లీ మామూలే. కొందరు మాత్రం ‘ఒళ్లు తేలిగ్గా ఉంది, ఇక ముట్టను’ అని అక్కడే నిలబడిపోతారు. ధ్యానం క్లాసులకు పోయి మానేసేవాళ్లు, షుగర్‌కు, కొలెస్టరాల్‌కు భయపడి మానేసేవాళ్లు కూడా ఉన్నారు. ఎవరి కారణం వాళ్లది, అన్నీ గౌరవించాల్సినవే.

నాకు దిగులల్లా ఆ నిర్ణయం తర్వాత పళ్లెంలో జరిగే దాని గురించే. ముక్క ఖాళీ చేసిన చోటులోకి అన్నం వచ్చి కూర్చుంటుంది. 2014 నాటి కేంద్ర ప్రభుత్వ నమూనా సర్వేలో, తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో దాదాపు 99 శాతం మంది మాంసాహారులని తేలింది. దేశంలో అదే ఎక్కువ. నీసు ఇంతగా అలవాటైన చోట, మానేసినవాళ్లకు ‘ఇట్ల తినాలె’ అని చూపించే పెద్దలు ఇంట్లో ఉండరు. అందుకే చెప్పుడు మాటలు రాజ్యమేలుతుంటాయి.

“నీసు లేకుంటే బాయిల పని శాతగాదు”

అన్నిటికన్నా గట్టిగా పాతుకుపోయిన మాట ఇది. బరువు పనికి ఎక్కువ కావాల్సింది శక్తి, అంటే కేలరీలు. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం, 65 కిలోల మగవాడు కూర్చుని పనిచేస్తే రోజుకు 2,110 కేలరీలు, బరువు పని చేస్తే 3,470 కేలరీలు కావాలి. ప్రోటీన్ మాత్రం ఇద్దరికీ ఒకటే, 54 గ్రాములు. ఆడవాళ్లకు 46. పప్పు, ధాన్యాల ప్రోటీన్ నాణ్యత కొంచెం తక్కువ కాబట్టి, శాకాహారులు కిలో బరువుకు ఒక గ్రాము చొప్పున చూసుకుంటే దిగులు లేదు.

ఇది మన తిండిలో దొరుకుతుందా? లెక్క వేసి చూద్దాం. బాయి పని చేసే మనిషి రోజంతా కలిపి అరకిలో బియ్యమో, జొన్నలో, గోధుమలో తింటాడు. వాటిలోనే దగ్గర దగ్గర 40 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. 85 గ్రాముల కందిపప్పో, పెసరపప్పో వండుకుంటే ఇంకో 18 గ్రాములకు పైనే. గుప్పెడు పల్లీలు 7 గ్రాములు. మూడు వందల మిల్లీలీటర్ల పాలు, పెరుగు కలిపి 9 గ్రాములు. డెబ్బై దాటిపోయింది. బాయి పనికి ఇది సరిపోతుంది.

కానీ నిజంగా ఇంట్లో వండేది 85 గ్రాముల పప్పేనా? అసలు చిక్కు ఇక్కడుంది. నలుగురున్న ఇంట్లో చిన్న గిన్నెడు పప్పు వేసి, నీళ్లు పోసి, చింతపండు పిసికి పొద్దంతా నడిపిస్తాం. సద్ది డబ్బాలో అన్నం అదిమి, పైన పలుచటి చారు, పక్కన మామిడికాయ తొక్కు. కడుపు నిండుతుంది, కండకు ఏమీ అందదు. రెండు నెలలకు ‘నీరసంగా ఉంది, నీసు మానేసినందుకే’ అంటారు. అందులో సగమే నిజం. నీసు మానేశారు, దాని బదులు పప్పు పెంచలేదు. నలుగురికి 340 గ్రాములు, అంటే ఇంటికి నెలకు పది కిలోలు. కిరాణా చీటీ తీసి చూసుకుంటే మీ ఇంట్లో ఎంత ఆడుతోందో తెలిసిపోతుంది.

ఇంకో మాట. మన ఇళ్లలో కోడి రోజూ ఉడికేది కాదు, ఆదివారం ఉడికేది. మిగతా ఆరు రోజులు పప్పు, కూర, చారు, మధ్యలో గుడ్డు, ఎండు చేపలు. ఇన్నేళ్లు బాయిలో మనల్ని నిలబెట్టిన ప్రోటీన్‌లో ఎక్కువ భాగం గింజలదే.

“ఆ తిండి మనది కాదు”

ఈ మాట వింటే నాకు బాధేస్తుంది. సద్దుల బతుకమ్మ నాడు మన ఆడవాళ్లు తాంబాలంలో పెట్టుకుపోయేది ఏమిటి? నువ్వుల సద్ది, పల్లీల సద్ది, పెరుగు సద్ది. వాటితోపాటు సత్తుపిండి, మలీద ముద్దలు. మక్కలు వేయించి, పల్లీలో నువ్వులో కలిపి, బెల్లం పెట్టి దంచిన ఆ పిండిలో ధాన్యం, నూనెగింజ రెండూ ఉన్నాయి. అనుముల కూర, బొబ్బర్ల గుడాలు, ఉలవచారు, తైద అంబలి, సర్వపిండిలో పడే పల్లీలు, నువ్వులు, శనగపప్పు, ఇవన్నీ మన ఇళ్లవే. కొత్తగా డబ్బాలో ప్రోటీన్ పొడి కొననక్కర్లేదు. పండుగ నాటి సద్దిని మామూలు రోజుల్లోకి తెచ్చుకుంటే చాలు.

ఎండు చేపలు, బొక్కలు మానేస్తే కాల్షియం ఎట్లా అని అడిగేవాళ్లకు తైదలే జవాబు. వంద గ్రాముల తైదల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది. మునగాకు, పెరుగు దానికి తోడు.

అట్లాగని ఒకే ధాన్యాన్ని నెత్తికెత్తుకోవద్దు. ‘చిరుధాన్యం సంపూర్ణాహారం’ అనే ప్రచారం ఈమధ్య ఎక్కువైంది. దక్కన్‌లో జొన్న తప్ప వేరే గతిలేని పేదలకు చర్మం నల్లబడి పొట్టు రాలే పెల్లాగ్రా జబ్బు ఎందుకొస్తోందని సి. గోపాలన్ బృందం 1960లో పరిశోధించింది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్‌కు దానిలో పాత్ర ఉందని చెప్పింది. జొన్న మంచిదే, ఒంటరిగా సరిపోదు. పక్కన పప్పు, ఆకుకూర, పాలు ఉండాలి.

అన్నం, పప్పు ఒకే ముద్దలో కలవకపోతే ప్రోటీన్ పట్టదని ఇంకో భయం. 1971లో అమెరికాలో ఫ్రాన్సెస్ మూర్ లాపే రాసిన పుస్తకంతో ఈ మాట లోకమంతా పాకింది. పదేళ్ల తర్వాతి ముద్రణలో ఆమే దాన్ని సవరించుకుంది. పొద్దున గుడాలు, మధ్యాహ్నం అన్నం తిన్నా రోజు మొత్తంలో లెక్క సరిపోతుంది.

“బీట్‌రూట్ తింటే రక్తం పడుతుంది, బెల్లం తింటే దుమ్ము పోతుంది”

బీట్‌రూట్ ఎరుపు ఒక రంగు పదార్థానిది, ఇనుముది కాదు. వంద గ్రాముల్లో ఇనుము ఒక మిల్లీగ్రాముకు అటూ ఇటూ ఉంటుంది. ఆడవాళ్లకు రోజుకు కావాల్సింది 29, మగవాళ్లకు 19. పాలకూరలో కొంత ఇనుము ఉన్నా, అందులో ఒంటికి పట్టేది తక్కువే. పుట్నాల పరిమాణంలో నోట్లో వేసుకునే బెల్లం ముక్కతో వచ్చేది లెక్కలోకే రాదు.

‘నీసు తింటే రక్తం ఉంటుంది’ అనేవాళ్లు ఒక సంఖ్య చూడాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 57.6 శాతం మందికి రక్తహీనత. దాదాపు అందరూ మాంసం తినే రాష్ట్రం ఇది! వారానికి రెండు ముక్కలు, అవీ అందరూ తిన్నాక గిన్నెలో మిగిలినవి, రక్తానికి చాలవన్నమాట.

మాంసంలోని ఇనుము సులువుగా ఒంటికి పడుతుంది. పప్పుల్లో, ఆకుల్లో ఉన్న దానిలో కొద్ది వంతే పడుతుంది. ఆ వంతును పెంచుకునే ఉపాయం మన చేతుల్లోనే ఉంది. పప్పు మీద నిమ్మకాయ పిండుకోవాలి, లేదా తిన్నాక జామకాయో, ఉసిరికాయో తినాలి. పెసర్లు, అలసందలు నానబెట్టి మొలక రానిచ్చి వండుకోవాలి. తిన్న వెంటనే చాయ్ తాగకూడదు. చాయ్‌లోని టానిన్లు ఇనుమును పట్టేసి బయటికి పంపిస్తాయి. బాయి మీద, ఇంట్లో మనకు అన్నం వెనకే చాయ్ తాగే అలవాటు ఉంది. దాన్ని గంటసేపు వెనక్కి జరిపితే, పైసా ఖర్చు లేకుండా రక్తానికి మేలు.

ఇక దుమ్ము సంగతి. బొగ్గు దుమ్ము పీల్చేవాళ్లు బెల్లం తింటే ఊపిరితిత్తులు కడిగినట్లవుతాయని తాతల నాటి నుంచి నమ్మకం. 1994లో లక్నో శాస్త్రవేత్తలు ఎలుకల మీద చేసిన ఒక పరీక్షలో, బెల్లం తిన్నవాటి ఊపిరితిత్తుల నుంచి కణాలు త్వరగా కదిలాయని కనిపించింది. దాన్నే పట్టుకుని అందరూ చెబుతున్నారు. ఎలుకల్లో కనిపించినదాన్ని పట్టుకుని బాయిలో ముప్పై ఏళ్లు దుమ్ము పీల్చిన మనిషికి భరోసా ఇవ్వలేం. మింగిన దుమ్ము కడుపులోంచి పోతుంది. ఊపిరితిత్తుల లోతుల్లో పేరుకున్నదాన్ని బెల్లమూ కడగదు, మాంసమూ కడగదు, మందూ కడగదు. దానికి పనికొచ్చేవి మాస్కు, పని స్థలంలో నీళ్లు చల్లించడం, కంపెనీ పెట్టే మెడికల్ పరీక్షలో ఛాతీ ఎక్స్‌రే తప్పించుకోకుండా తీయించుకోవడం. షుగర్ ఉన్నవాళ్లు దుమ్ము పేరుతో బెల్లం తినడం మరీ ప్రమాదం.

“నాలుగేళ్లయింది మానేసి, నాకేం కాలేదు”

అన్నిటికన్నా నాకు ఎక్కువ భయం కలిగించేది ఈ మాటే. విటమిన్ బి12 చెట్టులో పుట్టదు, సూక్ష్మజీవులు తయారు చేస్తాయి. మనకు అది మాంసం, చేప, గుడ్డు, పాల ద్వారా అందుతుంది. మన కాలేయం దాన్ని ఏళ్లకు సరిపడా దాచుకుంటుంది. అందుకే నీసు మానేసిన మర్నాడు ఏమీ కాదు, మరుసటి ఏడు కూడా కాకపోవచ్చు. మూడేళ్లకో, ఐదేళ్లకో నిల్వ అడుగంటుతుంది. అప్పుడు అరికాళ్లలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్లు ఉండడం, నాలుక మంట, నడుస్తుంటే కాలు ఎక్కడ పడుతోందో తెలియకపోవడం. బాయి దిగి వాలు మీద, చీకట్లో, పట్టాల పక్కన నడిచే మనిషికి అరికాలు మొద్దుబారితే ఏమవుతుందో ఇక్కడివాళ్లకు చెప్పాలా? దాన్ని నరాల బలహీనత అనో, వయసు అనో, గాలి సోకిందనో అనుకుని రోజులు గడిపేస్తారు. ఎక్కువ కాలం ఆలస్యమైతే నరాలకు జరిగిన నష్టం పూర్తిగా తిరిగిరాదు.

ఆకుకూరలు బాగా తింటున్నాం కదా అంటారు. వాటిలో దొరికేది ఫోలిక్ ఆమ్లం, బి12 కాదు. ఆ తేడా వెనక మన భీమవరం బిడ్డ కథ ఉంది. తోబుట్టువును పొట్టనబెట్టుకున్న స్ప్రూ అనే జబ్బును చూసిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం అమెరికాలోని లెడర్లీ సంస్థలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. రక్తహీనతకు అది గొప్ప మందయింది. అయితే పెర్నీషియస్ ఎనీమియా అనే రకం రక్తహీనతలో రక్తం మెరుగుపడినా నరాల దెబ్బ ఆగలేదు. అక్కడ లోటు వేరే పదార్థానిది. అదే బి12. దాన్ని 1948లో వేరుచేశారు. ఆ ఏడే సుబ్బారావు కన్నుమూశారు. ఆకుకూరలు రక్తాన్ని బాగానే ఉంచుతూ, లోపల నరాల నష్టాన్ని కనిపించకుండా చేయగలవని డాక్టర్లు హెచ్చరించేది ఈ అనుభవంతోనే.

పాలు, పెరుగు తినేవాళ్లకు కొంత రక్షణ ఉంది. రోజుకు అరలీటరు పాలు, పెరుగు కలిపి తీసుకుంటే బి12 అవసరం చాలావరకు తీరుతుంది. రోజుకు ఐదు చాయ్‌లు తాగుతున్నామంటే కుదరదు, వాటిలో పడే పాలు ఎన్ని? చల్ల కూడా పలుచబడే కొద్దీ లెక్క తగ్గుతుంది. పులిసిన అంబలి, తరవాణి కడుపుకు చల్లగా ఉంటాయి, బి12కు మాత్రం వాటిని నమ్ముకోలేం. షుగర్‌కు మెట్‌ఫార్మిన్ ఏళ్లుగా వేసుకుంటున్నవాళ్లకు ఈ విటమిన్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. నీసు మానేశారు, మెట్‌ఫార్మిన్ వేసుకుంటున్నారు, పాలు పడవు అనే మూడూ ఒకరికే ఉంటే పరీక్ష వాయిదా వేయకూడదు. బి12 గోలీ నీసు అవుతుందేమోనని దీక్షలో ఉన్నవాళ్లు వెనకాడతారు. ఆ విటమిన్‌ను సూక్ష్మజీవులను పెంచి తయారుచేస్తారు. గొట్టం మందుల తొడుగు జిలాటిన్‌ది కావచ్చు, కాబట్టి మాత్ర రూపంలో అడిగితే సరి.

విటమిన్ డి గురించి ఒక్క మాటే. పొద్దున ఏడుకు బాయి దిగి మధ్యాహ్నం మూడుకు పైకొచ్చేవాళ్లకు ముక్క తిన్నా, తినకపోయినా ఎండ తక్కువే. తిండి ఈ లోటు తీర్చలేదు. సెలవు రోజు పొద్దెక్కాక చేతులకు, వీపుకు ఎండ తగలనివ్వాలి. ఒళ్లు నొప్పులు విడవకపోతే డాక్టరును అడగాలి.

మాల ఒకరిది, ఉపవాసం అందరిది

ఇంటాయన మాల వేసుకుంటే కట్టెలపొయ్యి మీదైనా, గ్యాసు మీదైనా నీసు గిన్నె ఎక్కదు. నలభై ఒక్క రోజులకు ఎవరికీ ఏమీ కాదు. ఆయన శాశ్వతంగా మానేస్తే మాత్రం, ఆ ఇంట్లో ఎదిగే పిల్లలకు, చూలాలికి, పాలిచ్చే తల్లికి కూడా అడగకుండానే బంద్ అవుతుంది. ఆయనకు ప్రోటీన్ శాకాహారి లెక్కన కిలోకు ఒక గ్రాము చాలు. కడుపుతో ఉన్న కోడలి అవసరం ఆమె మామూలు లెక్క మీద ఇంకా ఎక్కువ. తల్లిలో బి12 తక్కువైతే ఆమె పాలు తాగే బిడ్డకూ తక్కువవుతుంది. అంగన్‌వాడీలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద గర్భిణులకు, బాలింతలకు భోజనం, పాలు, గుడ్డు ఇస్తారు. ‘మా ఇంట్ల గుడ్డు ముట్టరు’ అని ఆమె తరఫున ఇంకొకరు చెప్పేయకూడదు. తినాలో వద్దో ఆమెనే చెప్పనివ్వాలి. వద్దంటే ఆ బదులు పాలు, పప్పు పెరిగాయా, బి12 మాత్ర గురించి డాక్టరుతో మాట్లాడారా అని చూడాల్సింది ఇంటివాళ్లే.

జనవరిలో శబరిమల నుంచి తిరిగొచ్చి, ఇక నీసు ముట్టనని నిర్ణయించుకున్నవాళ్లు ఆ నెలలోనే హిమోగ్లోబిన్, బి12 పరీక్షలు చేయించుకుని కాగితం దాచుకోవాలి. రెండేళ్లకు మళ్లీ చేయించుకుని పాత కాగితంతో పోల్చుకోవాలి. ఆ పొద్దు ఆస్పత్రికి ఒక్కరే పోకుండా, ఇంట్లో చివరగా తినే మనిషిని కూడా వెంట తీసుకుపోవాలి.