పలుకని తెర

మీట నొక్కగానే లాప్‌టాప్ తెరపై ఒక గుర్తు వెలుగును. దాని క్రింద చుక్కలు కొంతసేపు తిరిగి ఆగిపోవును. పిమ్మట ఎంత వేచినను మార్పుండదు. లినక్స్ వాడువారిలో పెక్కుమంది ఎరిగిన సంకటమిది. యంత్రము చెడినదని దిగులుపడి, డిస్కునంతటిని తుడిచి, అన్నియు ఆదినుండి ఎక్కింపబూనువారు కలరు. ఏండ్ల తరబడి కూర్చుకొన్న వ్రాతలు, ఛాయాచిత్రములు దానితో నశించును. ఎలుకపై కోపముతో ఇంటికి నిప్పు పెట్టుకొనుట ఇదియే.

యంత్రము మేల్కొనుట ఒకరి చేతినుండి మరొకరు అందుకొను పని. మొదట ఫర్మ్‌వేర్ లేచి అవయవములను పరీక్షించి, ‘గ్రబ్’ అను చిన్న ప్రోగ్రామును పిలుచును. గ్రబ్ కెర్నెల్‌ను డిస్కునుండి మెమరీలోనికి తెచ్చును. కెర్నెల్ పరికరములను గుర్తించి, తొలి ప్రోగ్రామునకు పగ్గములు అప్పగించును. నేటి లినక్స్ రకములు పెక్కింటిలో దాని పేరు ‘సిస్టమ్‌డీ’. ఎచ్చట గొలుసు తెగినను చూచువానికి కనబడునది కదలని తెరయే.

1991లో హెల్సింకి విశ్వవిద్యాలయ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ఈ కెర్నెల్‌ను లోకమునకు వెలువరించెను. తాను చేయు ప్రతి పనిని తెరపై వ్రాసి చూపుట దాని స్వభావము. చూపునకు ఇంపుగా నుండుటకై ఆ వ్రాతను బొమ్మ చాటున దాచుట తరువాత వాడుకయైనది. ‘క్వైట్’, ‘స్ప్లాష్’ అను రెండు మాటలే ఆ తెరచాటు.

వానిని తొలగించుట సులభము. గ్రబ్ పట్టిక కనబడినపుడు ‘ఇ’ మీట నొక్కి, ‘లినక్స్’ అని మొదలగు పంక్తిలో ఆ రెండు మాటలను చెరిపి, ఎఫ్ 10 నొక్కవలెను. ఈ మార్పు ఆ ఒక్క పర్యాయమునకే చెల్లును. అక్షరములు పరుగెత్తి ఒకచోట ఆగును. ఆ చివరి పంక్తులను కాగితముపై వ్రాసికొనవలెను. అంతవరకు జరిగిన పని అవి తెలుపును. దోషమును దాని తరువాతి మెట్టున వెదకవలెను.

చిత్రములు చూపు భాగము మేల్కొనుచోట ఆగినచో, అదే పంక్తిలో ‘నోమోడ్‌సెట్’ అను మాట చేర్చి చూడవలెను. అపుడు యంత్రము లేచినచో డ్రైవరుపై అనుమానము బలపడును. అది పరీక్షయే గాని చికిత్స కాదు. తగిన డ్రైవరును అమర్చుటయే చికిత్స. గడియారము 1 నిమిషము 30 సెకండ్ల వరకు లెక్కించుచున్నచో, పట్టికలో పేరుండియు ఇపుడు లేని డిస్కుకొరకు యంత్రము ఎదురుచూచుచుండవచ్చును. క్రొత్త కెర్నెల్ వచ్చిన మరునాడే తొందర పుట్టినచో, గ్రబ్‌లో నిలిచియున్న పాత కెర్నెల్‌ను ఎన్నుకొనవచ్చును. ఏదియు ఫలింపనిచో, పెన్‌డ్రైవులోని లినక్స్‌తో యంత్రమును లేపి, మొదట వ్రాతలను భద్రపరచుకొనవలెను. తుడుచుట అన్నిటికంటె చివరి మాట.

లినక్స్ మూలగ్రంథము ఎల్లరకు తెరచియున్నది. దానిని చదువగలవారు కొందరే. ఆగినచోటు చెప్పు ఆ నాలుగు పంక్తులను మాత్రము ఎవరైనను చదివి, తెలిసినవారికి చూపవచ్చును. రోగి మాట వినక మందిచ్చు వైద్యుడుండడు గదా!