భుజం కీలు తొలగుట

భుజం కీలు తొలగుట అనగా దండచేయి ఎముక యొక్క గుండ్రని తల, రెక్క ఎముకకు ఉన్న గుంట నుండి బయటకు జారిపోవడం. వాడుకలో దీనిని గూడ జారడం అంటారు. పెద్ద కీళ్ళలో అన్నిటికంటే తరచుగా తొలగేది ఇదే.

కారణాలు

తుంటి కీలులో ఎముక తల లోతైన గిన్నెలో కూర్చుని ఉంటుంది. భుజంలోని గుంట చిన్న పళ్ళెం వలె లోతు లేనిది. చేయి అన్ని దిక్కులకూ తిరగడం, తేలికగా జారిపోవడం రెండూ ఈ నిర్మాణం వల్లనే. కబడ్డీ ఆటలోనో, వాహనంపై నుండి పడినప్పుడో చాపిన చేయి వెనుకకు మెలిపడితే ఎముక తల ముందుకు జారుతుంది. నూటికి 95 వరకు ఇటువంటివే. మూర్ఛ, విద్యుద్ఘాతం వల్ల మాత్రం వెనుకకు జారవచ్చును. ఎదురుగా తీసిన ఒక్క ఎక్స్‌రేలో ఈ రకం వైద్యుల దృష్టికి కూడా అందకపోవచ్చు.

లక్షణాలు

భుజం గుండ్రదనం పోయి మూల తేలినట్లు కనిపిస్తుంది. నొప్పి తీవ్రంగా ఉంటుంది. భుజం బయటివైపు చర్మం మొద్దుబారితే నాడి దెబ్బతిన్నదని అనుమానించాలి.

చికిత్స

చేయి పట్టి ఒక్క గుంజు గుంజితే గూడ కూర్చుంటుందని చాలామంది నమ్మకం. ఇది ప్రమాదకరం. కీలు తొలగినప్పుడు ఎముక మెడ కూడా విరిగి ఉండవచ్చు. లాగితే విరిగిన ముక్కలు విడిపోతాయి. చంకలో నుండి పోయే రక్తనాళానికి, నాడులకు హాని కలగవచ్చును. కనుక చేతిని ఉన్న స్థితిలోనే కండువాతో మెడకు ఆసరాగా కట్టి, మత్తు ఇవ్వవలసి రావచ్చు కాబట్టి ఆహారపానీయాలు ఇవ్వకుండా, ఆలస్యం చేయక ఆసుపత్రికి చేర్చాలి. ఆలస్యమైన కొద్దీ కండరాలు బిగుసుకొని పని కష్టమవుతుంది.

చంకలో మడమ ఆనించి చేతిని లాగే పద్ధతి ప్రాచీన గ్రీకు వైద్యుడు హిప్పోక్రటీస్ పేరుతో ప్రసిద్ధం. 1870లో కోకర్ అనే స్విస్ వైద్యుడు చేతిని మెల్లగా తిప్పే పద్ధతిని ప్రకటించాడు. రోగిని బోర్లా పడుకోబెట్టి, వ్రేలాడే చేతికి బరువు కట్టే సౌమ్యమైన పద్ధతి కూడా ఉన్నది. తెలుగునాట పుత్తూరు కట్టుకు ఎంతో పేరున్నది. అయితే కట్టు ఎక్కడ కట్టించుకున్నా ముందుగా ఎక్స్‌రే తీయించడం, నాడులను పరీక్షింపజేయడం తప్పనిసరి.

మరల తొలగుట

కీలు కూర్చున్న తరువాత ఒకటి నుండి మూడు వారాలు చేతికి ఆసరా కట్టు ఉంచి, క్రమంగా వ్యాయామాలు చేయిస్తారు. నొప్పి తగ్గగానే వ్యాయామం మానేయడం సాధారణంగా జరిగే పొరపాటు. 20 ఏళ్ళ లోపు వారిలో సగానికి పైగా మరల తొలగుతుంది. గుంట అంచున ఉండే మృదులాస్థి వలయం చిరిగిపోవడమే ఇందుకు ముఖ్య కారణమని 1923లో బ్యాంకార్ట్ అనే ఆంగ్ల వైద్యుడు వివరించాడు. నేడు దానిని చిన్న రంధ్రాల గుండా కుట్టి సరిచేస్తున్నారు. 40 దాటిన వారిలో మరల తొలగడం తక్కువ; కాని భుజాన్ని లేపే కండరాల స్నాయువులు తెగే అవకాశం ఎక్కువ. కీలు కూర్చున్న కొద్ది వారాలకు కూడా చేయి పైకి లేవకపోతే స్కానింగ్ తీయించాలి.