అద్దె అడిగే ముందు నీళ్ల సంగతి అడగండి

గుంటూరుకో ఒంగోలుకో బదిలీ అయిన ఉద్యోగి ముందుగా అడిగేది ‘ఆఫీసుకు దగ్గర్లో ఇల్లు దొరుకుతుందా’ అని. ఆ వెంటనే ‘అద్దె ఎంత’ అని. హైదరాబాదులోనో బెంగళూరులోనో కొన్నేళ్లు గడిపినవాళ్లకు ఈ రెండు ప్రశ్నలూ అలవాటే; అక్కడ రోజులో రెండు మూడు గంటలు రోడ్డు మీదే పోతాయి కాబట్టి దూరమే అన్నిటినీ శాసిస్తుంది. మిర్చి, పత్తి పండే ఈ నేల మీది ఊళ్ల లెక్క వేరు. గుంటూరులో మామూలు రోజున ఏ పేట నుంచి ఏ పేటకైనా బండి మీద అరగంటలో చేరొచ్చు. ఒంగోలులో అంత కూడా పట్టదు. మనుషులు ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా రోజు మొత్తం మీద ప్రయాణానికి సుమారు గంట ఇస్తారని, ఊళ్లు కూడా ఆ గంటకు లోబడే పెరుగుతాయని ఇటలీ శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో రాశాడు. ఆ లెక్కన మన చిన్న నగరాల్లో దూరం చాలావరకు ముందే తీరిపోయిన సమస్య. తీరనివి మూడున్నాయి: నీళ్లు, రైలు పట్టాలు, సీజను. ఇల్లు వెతికేవాళ్లు ముందు ఈ మూడింటినీ తేల్చుకుని, దూరం, అద్దె సంగతి ఆ తర్వాత చూసుకోవాలన్నదే ఈ వ్యాసం చెప్పదలచుకున్న మాట.

ముందు ఒంగోలు నీళ్ల సంగతి చూద్దాం. ఆ ఊరు ప్రధానంగా నాగార్జునసాగర్ కుడి కాలువ మీద ఆధారపడింది. కాలువ వదిలినప్పుడు చెరువులంతటి వేసవి నిల్వ ట్యాంకులు నింపుకొని, ఆ నీళ్లనే జాగ్రత్తగా ఊరికి వదులుతారు. అందుకే పంపు రోజూ రాదు. ఎద్దడి కాలంలో మూణ్ణాలుగు రోజులకోసారి వచ్చిన సందర్భాలూ ఉన్నాయి. నగరాల నీటి సరఫరాకు కేంద్రం పెట్టిన ప్రమాణం మనిషికి రోజుకు 135 లీటర్లు. నలుగురున్న ఇంటికి రోజుకు 540 లీటర్లు, నాలుగు రోజులకు 2,160 లీటర్లు. మేడ మీద వెయ్యి లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉంటే రెండు రోజులు గడవకముందే ఖాళీ అవుతుంది. కాబట్టి ఒంగోలులో హాలు ఎంత పెద్దదో చూసేముందు సంపు మూత తీయించి చూడాలి. అందులో ఎన్ని లీటర్లు పడతాయి, ఎన్ని వాటాలకు కలిపి ఆ ఒక్క సంపు, పడేవి మున్సిపల్ నీళ్లా బోరు నీళ్లా అని అడగాలి. లాయర్‌పేటలోనో సంతపేటలోనో పాత ఇంట్లో పెద్ద సంపు ఉంటే, కొత్త కాలనీలో టైల్స్ మెరిసే ఇంటికంటే అదే మేలు. ఒంగోలుకు పడమటి వైపు, కనిగిరి లాంటి చోట్ల ఉద్యోగమైతే ఇంకో ప్రశ్న కూడా కలుపుకోవాలి. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ పాతకాలపు శాపం. బోరు నీళ్లు వాడకానికి సరిపోయినా, పిల్లలు తాగే నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయో తెలియకుండా అక్కడ ఇల్లు ఖాయం చేయకూడదు.

గుంటూరుకు కృష్ణ నీళ్లు వస్తాయి. అక్కడ చూడాల్సింది అవి ఏ గొట్టంలోంచి వస్తున్నాయన్నది. 2018 మార్చిలో పాత గుంటూరులోని ఆనందపేట, ఆ చుట్టుపక్కల వాడల్లో అతిసారం ప్రబలి పలువురు చనిపోయారు. పాతబడిన మంచినీటి గొట్టాల్లో మురుగు కలవడమే అందుకు కారణమని అప్పట్లో ఊరంతా ఆందోళన చెందింది. ఇక ఊరి అంచుల కథ ఇంకో తీరు. 2012లో గోరంట్ల, నల్లపాడు, ఏటుకూరు, బుడంపాడు సహా పది గ్రామాలను నగరపాలక సంస్థలో కలిపారు. ఊరు కాగితం మీద పెరిగినంత వేగంగా పైపులైన్లు పెరగలేదు కాబట్టి, అంచుల్లో కట్టిన చాలా అపార్ట్‌మెంట్లు బోర్ల మీద, ట్యాంకర్ల మీద నడుస్తాయి. ఇల్లు చూపించేవాళ్లు ఎలా చెప్పినా స్నానాలగదిలో కుళాయి అబద్ధం చెప్పదు. కుళాయి మూతి చుట్టూ తెల్లటి సున్నపు పొర గట్టిపడి ఉన్నా, షవర్ రంధ్రాలు సగం పూడిపోయి ఉన్నా, బకెట్ అంచున చారలు కట్టి ఉన్నా ఆ ఇంట్లో ఉప్పు నీళ్లేనని అర్థం. గీజరు, వాషింగ్ మెషిన్ తొందరగా పాడవుతాయి. తాగడానికి రోజూ క్యాన్ కొనుక్కోవాల్సి వస్తుంది. అద్దెలో మిగిలిందనుకున్న డబ్బు అక్కడే ఖర్చవుతుంది.

రెండోది రైలు పట్టాలు. గుంటూరును పట్టాలు నిలువునా చీలుస్తాయి. బ్రాడీపేట, అరండల్‌పేట, లక్ష్మీపురం, పట్టాభిపురం ఒక పక్క. పెద్దాసుపత్రి, బస్టాండు, కొత్తపేట, పాత గుంటూరు ఇంకో పక్క. అటూ ఇటూ కలిపేవి కొద్దిపాటి వంతెనలూ, పట్టాల కింది దారులూ మాత్రమే. 2025లో కొత్త వంతెన కట్టడం కోసం శంకర్ విలాస్ దగ్గరి పాత వంతెనను మూసేస్తే, ఆ బరువంతా మిగిలిన దారుల మీద పడింది. గట్టి వాన పడితే పట్టాల కింది దారుల్లో నీళ్లు నిలిచి అవీ మూతపడతాయి. ఈ ఊళ్లో కిలోమీటర్ల లెక్క పనికిరాకపోవడానికి కారణం ఇదే. పట్టాలకు ఇవతల నాలుగు కిలోమీటర్ల దూరం, అవతల ఒకటిన్నర కిలోమీటరు కంటే దగ్గర కావచ్చు. కాబట్టి ఆఫీసు, పిల్లల బడి, పెద్దవాళ్లు తరచూ వెళ్లే ఆసుపత్రి, ఈ మూడింటిలో కనీసం రెండు మీ ఇల్లున్న పక్కనే ఉండాలి. ఇక అది ఏ పేట, అందులో ఎన్నో లైను అన్నది రుచిని బట్టి, జేబును బట్టి చూసుకోవచ్చు.

మూడోది సీజను. గుంటూరు మిర్చి యార్డుకు ఫిబ్రవరి నుంచి సరుకు ముంచెత్తుతుంది. ముమ్మర రోజుల్లో లక్ష టిక్కీలు (మిర్చి బస్తాలు) దాటి వస్తాయి. ఒక్కో టిక్కీ నలభై కిలోలకు పైనే. చుట్టుగుంట వైపు లారీలు బారులు తీరతాయి, గాలిలో ఘాటు నిలుస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు, చంటిపిల్లలకు అది మాటలతో సరిపెట్టుకునే ఇబ్బంది కాదు. మే నెలలో కొంతకాలం ఎండల కారణంగా యార్డుకు సెలవులిస్తారు. సరిగ్గా అప్పుడే బదిలీలు జరుగుతాయి, బళ్లు తెరిచేలోపు ఇల్లు కుదుర్చుకోవాలని జనం పరుగులు పెడతారు. అంటే మనం ఇల్లు చూసే నెలలో మిర్చి ఘాటూ ఉండదు, వానలూ మొదలవ్వవు. ఊరి లోపాలు రెండూ దాక్కున్న సమయంలో మనం ఇల్లు ఖాయం చేస్తున్నాం. అందుకే కంటితో చూసింది చాలదు. గుంటూరులో పీకలవాగు చుట్టుపక్కల, ఒంగోలులో పోతురాజు కాలువ దగ్గర ఇల్లు చూస్తే ప్రహరీ గోడ అడుగున నీటి చార కోసం వెతకాలి. ఎదురింటివాళ్లను, వీధి చివరి కిరాణా కొట్టువాళ్లను అడగాలి. ఇంటివాళ్లు చెప్పనిది వాళ్లు చెబుతారు.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది డబ్బు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి 2024 నుంచి మూలవేతనం మీద ఇంటద్దె భత్యం హైదరాబాదులో 30 శాతమైతే గుంటూరులో 20, ఒంగోలులో 10. భత్యం తగ్గినప్పుడు అద్దె తక్కువున్న చోటు చూసుకోవడం తప్పెలా అవుతుందని అడగొచ్చు. తప్పు కాదు. అయితే అద్దెతో పాటు ట్యాంకరు, క్యాన్ నీళ్లు, మెయింటెనెన్స్, కరెంటు కూడా కలిపి పోల్చాలి. రెండు వాటాలకు ఒకటే మీటరుంటే యూనిట్లన్నీ ఒకే బిల్లులో పడి పై శ్లాబుకు చేరతాయి. వాడింది తక్కువైనా కట్టేది ఎక్కువవుతుంది. విడి మీటరున్న ఇంటికి అద్దె కొంచెం ఎక్కువైనా నెల చివరికి అదే చవక కావచ్చు. విజయవాడలో కాపురం పెట్టి రోజూ గుంటూరు వచ్చి వెళ్లొచ్చు కదా అనేది ఇంకో మాట. దూరం సుమారు 35 కిలోమీటర్లు, బస్సులకూ రైళ్లకూ కొదవ లేదు. భార్యాభర్తలకు చెరో ఊళ్లో ఉద్యోగమైతే అది సమంజసమే. ఆ అవసరం లేనివాళ్లు మాత్రం చిన్న ఊరు ఇచ్చే ఒకే ఒక్క పెద్ద సుఖాన్ని, సాయంత్రం ఆరింటికల్లా ఇంట్లో ఉండగలగడాన్ని, చేజేతులా వదులుకున్నట్టే.

ఈ సంగతులన్నీ కొత్తగా వచ్చినవాళ్లకు మొదటి వారంలోనే ఎలా తెలుస్తాయన్నది మరో ప్రశ్న. తెలియవు. వీలున్నవాళ్లు మొదటి రెండు మూడు నెలలు ఒక చిన్న వాటాలో ఉండి ఊరు అర్థమయ్యాక అసలు ఇల్లు కుదుర్చుకోవడం మంచిది. రెండుసార్లు సామాన్లు మోయడం కష్టమే. నచ్చని ఇంట్లో మూడేళ్లు గడపడం అంతకంటే కష్టం. సాధారణంగా రాసుకునే పదకొండు నెలల ఒప్పందంలో నీళ్లు, మీటరు, రంగుల ఖర్చు, ఖాళీ చేసే గడువు స్పష్టంగా ఉండేలా చూసుకోండి. కేంద్రం 2021లో రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టం నివాసాలకు అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదంటుంది. బేరమాడటానికి అది మంచి కొలమానం.

ఇంటి యజమానులకూ ఒక మాట చెప్పాలి. కులం అడగడం, తినే తిండి అడగడం, ఒంటరిగా ఉద్యోగం చేసే ఆడపిల్లకు తలుపు మూసేయడం ఈ ఊళ్లలో ఇంకా పోలేదు. పైగా 2022 ఏప్రిల్ 4న పొరుగునున్న నరసరావుపేట, బాపట్ల కూడా జిల్లా కేంద్రాలయ్యాయి. ఉద్యోగం కోసం ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వచ్చేవాళ్లు పెరిగారు. అద్దె సకాలంలో కడతారా, ఇల్లు శుభ్రంగా ఉంచుకుంటారా అన్న రెండు ప్రశ్నలకు మించి అడిగే హక్కు యజమానులకు లేదు. మంచి అద్దెదారుని పేరుతో కాకుండా నడవడితో గుర్తించడం నేర్చుకున్న ఊరే పదిమందిని నిలుపుకోగలుగుతుంది. ఇల్లు వెతుక్కునేవాళ్లు ముందు సంపు చూడండి, పట్టాలకు ఏ పక్కో చూడండి, ఫిబ్రవరిలో ఈ వీధి ఎలా ఉంటుందో అడగండి. అద్దె ఎంతో ఆ తర్వాత మాట్లాడండి.