కనుక్కున్నది స్పీకేనా?

మదీనాగూడ హాస్టల్లో ‘మౌంటెన్స్ ఆఫ్ ది మూన్’ (1990) చూశాం. నైలు నది పుట్టుక వెతుక్కుంటూ బర్టన్, స్పీక్ ఆఫ్రికాలో తిరిగిన కథ. గొడవంతా ఆ ఇద్దరు దొరలదే. వాళ్లను నడిపించిన సిద్దీ ముబారక్ బొంబాయిది పక్కపాత్ర. చిన్నప్పుడే బానిసగా గుజరాత్ చేరి, యజమాని చనిపోయాక విడుదలై తిరిగెళ్లినవాడాయన. స్పీక్‌తో మాట్లాడింది మన హిందుస్తానీలోనే! స్థానికులు న్యాంజా అనే సరస్సుకు 1858లో స్పీక్ తన రాణి విక్టోరియా పేరు తగిలించాడు. పేర్లు పెట్టే పెత్తనం ఎవరిదో మన వాడలకు కొత్తగా చెప్పాలా?

సిద్దీలు మనకు దూరపువాళ్లేం కాదు. మాసబ్‌ట్యాంక్ దగ్గరి ఏసీ గార్డ్స్‌లో ‘ఏసీ’ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం గుర్రపు దళం. ఆ సైనికుల వారసులు ఇప్పటికీ అక్కడున్నారు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ సిద్దీలు 2003 నుంచి ఎస్టీలు. ఇక్కడివాళ్లు బీసీ-ఈ.