సైడ్ డ్రమ్ము గొంతు ఎందుకు మారును?

కాణిపాకమున వినాయక చవితినాడు ఆరంభమగు బ్రహ్మోత్సవములు 21 దినములు సాగును. ఆలయ వాద్యములలో నాదస్వరమునకు తోడు డోలు. ఆ ఉత్సవములకు కొద్ది దినములో, కొద్ది వారములో ముందు, ఆగస్టు 15న, ఆ ప్రాంతపు విద్యార్థికి మరొక వాద్యము వినవచ్చును. అది కవాతు మైదానమున మ్రోగు సైడ్ డ్రమ్ము. రెండింటికిని రెండేసి ముఖములు కలవు. రెండింటను కర్రకు పని కలదు. అయినను కన్నులు మూసికొని విన్న బాలుడు కూడ ఏది ఏదో తడుముకొనక చెప్పగలడు. డోలు దెబ్బ కంగుమని తేటగా తెగిపోవును. డ్రమ్ము దెబ్బ వెంట ‘గర్ర్’ మను ఒక చప్పుడు అంటుకొని వచ్చును.

ఆ గరగర ఎక్కడిది? కర్రలోనిది కాదు, పై ముఖములోనిది కాదు. డ్రమ్మును తలక్రిందులు చేసి చూచినచో తెలియును. అడుగు ముఖమున కడు పలుచని పొర యుండును. పై పొర మందము సుమారు 0.25 మిల్లీమీటరు కాగా, అడుగు పొర మందము సుమారు 0.075 మిల్లీమీటరు మాత్రమే. ఆ పొర కానుకొని, చుట్టలు చుట్టిన సన్నని ఉక్కు తీగల పట్టీ ఒకటి అడ్డముగా సాగియుండును. పైన దెబ్బ పడగానే లోపలి గాలి అడుగు పొరను నెట్టును. పొర తీగలను ఎగురగొట్టును. తీగలు మరల వచ్చి పొరను కొట్టును. ఒక్క దెబ్బకు ఇట్లు అనేక చిన్న దెబ్బలు పుట్టును.

మన మృదంగముతో పోల్చిన ఇందలి చిత్రము బోధపడును. సాగదీసిన గుండ్రని పొర సహజ కంపనముల పౌనఃపున్యములు 1, 1.59, 2.14, 2.30 అను నిష్పత్తిలో నుండును. ఇవి శ్రుతికి ఒదుగవు. మృదంగపు కుడి ముఖము నడుమ పూయు నల్లని ముద్ద వీనిని 1, 2, 3 వంటి పూర్ణాంకములకు దగ్గర చేయునని చంద్రశేఖర వేంకట రామన్, శివకాళి కుమార్ 1920లో ‘నేచర్’ పత్రికయందు వెల్లడించిరి. డ్రమ్ము తీగల పని ఇందుకు సరిగా విరుద్ధము. ఉన్న కొద్దిపాటి శ్రుతిని కూడ అవి చెదరగొట్టును. కవాతుకు కావలసినది రాగము కాదు, అడుగు తప్పనీయని దెబ్బ!

తీగలు పొరను విడిచి మరల తాకవలెనన్న పొర కొంత కనీస విస్తారముతో కంపింపవలెను. తీగలను బిగించిన కొలది ఆ కనీస విస్తారము పెరుగునని థామస్ రాసింగ్, ఆయన సహచరులు 1992లో ప్రకటించిన పరిశోధనలో చూపిరి. కావున మిక్కిలి బిగించిన డ్రమ్ము మెల్లని దెబ్బకు పలుకదు. మిక్కిలి వదులైనచో తీగలు పొరను సరిగా అంటక, చప్పుడు చిందరవందరయగును.

ఈ బిగింపును నిలుపునది డ్రమ్ము ప్రక్కన నుండు స్ట్రెయినర్ అను చిన్న సాధనము. దాని మీటను ఎత్తినచో తీగలు పొరకు ఆనును; దించినచో విడిపోవును. ప్రక్కనున్న మరతో బిగువును సవరింపవచ్చును. తీగల పట్టీ రెండు కొనలను త్రాళ్ళతోనో, ప్లాస్టిక్ పేలికలతోనో ఒక వైపు ఈ సాధనమునకు, ఎదుటి వైపు కదలని పట్టుకు కట్టుదురు. కవాతు మధ్య డ్రమ్ము ‘ఢమ ఢమ’ యని మొద్దుబారినచో, వాయించు బాలునిదే తప్పని కసరుటయు, తుదకు డ్రమ్మునే పనికిరానిదని సామానుల గదిలోనికి నెట్టుటయు తగదు. బాలుడు ఎంత గట్టిగా కొట్టినను పొరను అంటని తీగ పలుకదు. తప్పు తరచు ఈ సాధనముననే యుండును.

తప్పు ఎచ్చటనో ఊహింపనక్కరలేదు. ఒక పెన్సిలు చాలును. మీట ఎత్తి, సరిగా బిగించి, మర తల మీద, మీట ప్రక్కన, త్రాళ్ళు పట్టులోనికి దూరు చోట్ల చిన్న గీతలు గీయవలెను. ఐదు నిమిషములు వాయించి, ఏ గీత కదలినదో చూడవలెను. ఇది పరిశీలనను నేర్పుటకు తరగతిలోనే చేయదగిన ప్రయోగము.

త్రాటి గీత కదలినచో పట్టు జారుచున్నదన్న మాట. పాత త్రాడు తీసివేసి, నునుపు తక్కువైన క్రొత్తది వేసి, బిగింపు మరలను సమముగా బిగింపవలెను. రెండు వైపులను త్రాటి పొడవు సమానముగా నుండి, తీగలు పొరకు సరిగా నడుమ నుండవలెను. ఒక ప్రక్కకు లాగబడిన పట్టీ ఎంత బిగించినను గరగరలాడుచునే యుండును.

మర గీత కదలినచో కారణము మరింత ఆసక్తికరము. మర యనగా స్తంభమునకు చుట్టిన వాలుతలము. వాలు కోణము ఘర్షణ కోణముకంటె తక్కువైనంతవరకు అది తనంత తాను తిరుగరాదు. కాని ఇచ్చట ప్రతి దెబ్బయు మరను కుదుపును. ఆ కుదుపులో తలములు రవంత జారినపుడెల్ల ఘర్షణ పట్టు సడలి, మర వెనుకకు తిరుగును. అడ్డ కదలికలే మరలను ఎక్కువగా వదులు చేయునని జర్మను ఇంజనీరు గెర్హార్డ్ యుంకర్ 1969లో నిరూపించెను. మరకు చమురు పూయుట ఇచ్చట మేలు కన్న కీడు. తల క్రింద నైలాన్ వలయమొకటి వేసిన, ఘర్షణ పెరిగి మర నిలుచును.

మీటయే జారిపడుచున్నచో దానిని నిలుపు స్ప్రింగో, గాడియో అరిగియుండును. అరిగిన గాడిని ఆకురాయితో సరిచేయజూచుట వృథాశ్రమ. స్ట్రెయినర్ మార్చుటయే మంచిది. కొనుటకు ముందు, పాతదానిని పట్టియుంచు రెండు రంధ్రముల కేంద్రముల మధ్య దూరము మిల్లీమీటర్లలో కొలువవలెను. సరిపోవునది దొరకునంతవరకు వెదకుట, డ్రమ్మునకు క్రొత్త రంధ్రము తొలుచుటకంటె తెలివైన పని. అమర్చిన పిమ్మట ముందుగా అడుగు పొరను అంతట సమముగా బిగించి, ఆపైన తీగలను కొద్దికొద్దిగా బిగింపవలెను. పై ముఖము అంచున వ్రేలితో తట్టినపుడు గరగర స్ఫుటముగా విన్న చోట ఆపవలెను.

ఒక్క హెచ్చరిక. బ్యూగిల్ ఊదినపుడు దగ్గరనున్న డ్రమ్ము, ఎవరును తాకకయే, సన్నగా గరగరలాడుట కలదు. అది అనునాదము, స్ట్రెయినర్ దోషము కాదు. దానిని మాన్పుటకై మర బిగించినచో మెల్లని దెబ్బలు మూగవోవును. అట్టి సమయమున మీట దించి యుంచినచో చాలును.